షట్టరు వెనక కాపురం

ఆ ఇంటికి వీధి తలుపు లేదు. షట్టరు ఉంది. విజయనగరంలో రింగ్ రోడ్డు దాటిన తరువాత వరుసగా నాలుగు కొట్లు ఉంటాయి. వాటిలో మూడోది. ఒక పక్క ఎరువుల కొట్టు, ఇంకో పక్క వెల్డింగు షెడ్డు. పగలు షట్టరును సగం పైకెత్తి, అడ్డంగా చీర కట్టుకుని ఆ భార్యాభర్తలు కాపురం చేస్తున్నారు. రాత్రి షట్టరు దించితే లోపలికి గాలి రాదు. ఆయన ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగి. అద్దె ఒక్క రోజు ఆలస్యం చేసే మనిషి కాదు. ఊళ్ళో ఖాళీ ఇళ్ళకూ కొదవ లేదు. కానీ చక్రాల కుర్చీ రోడ్డు మీది నుంచి నేరుగా లోపలికి వెళ్ళగలిగిన చోటు, నెలన్నర వెతికితే, ఆయనకు ఆ కొట్టు గది ఒక్కటే దొరికింది.

ఆయనకు ఇల్లు ఇవ్వనివాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

మా అన్నయ్య కట్టించిన ఇల్లు ఒకటి ఊళ్ళో ఉంది. నూట యాభై గజాల స్థలం, కింద రెండు పోర్షన్లు, పైన ఒకటి. అన్నయ్య పోయాక అది మేనల్లుడికి వచ్చింది. వాడు ఇరవై ఏళ్ళుగా టెక్సాస్‌లో ఉంటున్నాడు. అద్దె తీసుకోవడం, ఇంటి పన్ను కట్టడం, మోటారు కాలిపోతే మనిషిని పిలవడం, ఖాళీ అయితే టు-లెట్ బోర్డు తగిలించడం, వచ్చినవాళ్ళతో మాట్లాడడం అన్నీ నా పనే. ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను కాబట్టి ఎదుటి మనిషి ఎలాంటివాడో మొహం చూసి చెప్పగలనని నాకు ఒక నమ్మకం ఉండేది.

ఆయన సైడు చక్రాల స్కూటరు మీద వచ్చారు. వెనక ఆటోలో ఆయన భార్య, మడత పెట్టిన చక్రాల కుర్చీ. సొంత ఊరు కవిటి వైపు. పందొమ్మిదేళ్ళ వయసులో కొబ్బరి చెట్టు మీది నుంచి పడి వెన్నెముక దెబ్బతింది. ఆ తరువాతే డిగ్రీ చదివి, పరీక్ష రాసి, ఉద్యోగం సంపాదించుకున్నారు. విజయనగరానికి బదిలీ అయి పది రోజులైంది. మా వరండాకు మూడు మెట్లు. ఆయన కింద వాకిట్లోనే ఆగిపోయారు. భార్య ఒక్కరే లోపలికి వచ్చి, చేతిలోని టేపుతో బాత్రూము తలుపు వెడల్పు కొలిచి, బయటికి వెళ్ళి ఆయనకు చెప్పారు. ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు.

"ఇల్లు నచ్చింది మేడమ్" అన్నారాయన. "మెట్ల సంగతి మేం చూసుకుంటాం. ఎనిమిది అడుగుల చెక్క మా దగ్గరే ఉంది. వెళ్ళేటప్పుడు, వచ్చేటప్పుడు వేసుకుని తీసేస్తాం. మీ మెట్టుకు ఒక్క మేకు కూడా కొట్టం."

మేనల్లుడితో మాట్లాడి చెబుతానన్నాను. ఆ రాత్రి ఫోనులో వాడు, "ఎందుకత్తా లేనిపోని చిక్కు? రేపు పడితే మన మీదికి వస్తుంది. ఇంకెవరైనా దొరుకుతారు" అన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు ఊరట కలిగింది. వాడు కాదన్నాడు కాబట్టి నేను కాదనవచ్చు. మర్నాడు ఆయనకు ఫోను చేసి, ఇల్లు వేరేవాళ్ళకు ఇచ్చేశామని చెప్పాను. అప్పటికి ఎవరికీ ఇవ్వలేదు. ఆయన "పరవాలేదు మేడమ్" అని పెట్టేశారు. ఆ గొంతులో ఆశ్చర్యం ఏమీ లేదు. ఆ తరువాత చాలా రోజులు నన్ను వెంటాడింది అదే.

ఇది ఇక్కడితో అయిపోయి ఉంటే నేను కూడా మరచిపోయేదాన్నేమో. రెండు నెలలు గడిచాక మేనల్లుడు మాటల్లో తన అద్దె ఇళ్ళ గురించి చెప్పాడు. టెక్సాస్‌లో వాడు పెట్టుబడిగా నాలుగిళ్ళ భవనం ఒకటి కొన్నాడు. తను ఉండేది వేరే చోట. కింది ఇల్లు ఖాళీ అయితే, చక్రాల కుర్చీలో తిరిగే ఒక పెద్దావిడ వచ్చి అడిగారట. బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీలు బిగించుకుంటానని, తలుపుకు దగ్గరగా ఉన్న పార్కింగు చోటు తనకు కేటాయించాలని కోరారట. వాడు రెండింటికీ ఒప్పుకున్నాడు. కడ్డీల ఖర్చు ఆవిడది, అనుమతి ఇవ్వవలసిన బాధ్యత తనది. పార్కింగు చోటు ఇచ్చినందుకు పైసా అడగకూడదు. వైకల్యం ఉందన్న కారణంతో అడ్వాన్సు పెంచకూడదు. అసలు జబ్బు ఏమిటని ఆరా తీయనే కూడదు. ఇదంతా పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. మా పిల్లవాడు అంత బాధ్యతగా ఉన్నందుకు ఒక క్షణం సంతోషం కూడా వేసింది.

"మరి మన ఇంటికి వచ్చిన ఆయన సంగతి?" అని అడిగాను.

కొంచెంసేపు మాట్లాడలేదు. "అక్కడ ఎవరు అడుగుతారత్తా?" అన్నాడు.

వాణ్ణి నేను ఎత్తుకుని పెంచాను. చెడ్డవాడు కాదు. టెక్సాస్‌లో మెలిగిన మనిషీ వాడే, విజయనగరంలో కాదన్న మనిషీ వాడే. మధ్యలో మారింది చట్టం చేయి ఎంత దూరం వస్తుందన్నది ఒక్కటే. పైగా విజయనగరంలో వాడి తరఫున కాదన్న నోరు నాది. అందుకని ముందు అక్కడి చట్టాన్ని, తరువాత మన చట్టాన్ని ఓపికగా చదివాను.

అమెరికాలో ఇళ్ళ విషయంలో వివక్షను నిషేధించిన చట్టం 1968 ఏప్రిల్ 11న వచ్చింది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగి అప్పటికి వారం. నల్లజాతివారికి ఇల్లు అమ్మం, అద్దెకివ్వం అనే యజమానులను ఉద్దేశించి చేసిన చట్టం అది. వికలాంగులు ఆ జాబితాలోకి రావడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. 1988లో చట్టాన్ని సవరించారు. 1991 మార్చి 13 తరువాత మొదటిసారి జనం కాపురానికి దిగిన భవనంలో నాలుగు, అంతకంటే ఎక్కువ ఇళ్ళుంటే, లిఫ్టు లేని చోట కనీసం నేల మీది ఇళ్ళన్నిటికీ, లిఫ్టు ఉంటే అన్ని ఇళ్ళకూ కొన్ని కొలతలు తప్పనిసరి. మెట్లు లేని ప్రవేశం, కుర్చీ పట్టే తలుపులు, కూర్చుని అందుకోగలిగే స్విచ్చులు, కుర్చీ తిరిగే వంటిల్లు. బాత్రూము గోడలోపల ముందే చెక్కలు బిగించి ఉంచాలన్నది కూడా ఒక నిబంధన. అక్కడి గోడలు చాలావరకు డొల్ల పలకలు. లోపల ఆధారం లేకపోతే కడ్డీ బరువు ఆగదు.

ఇది చదివినప్పుడు నేను లేచి వెళ్ళి మా బాత్రూము గోడ మీద చేయి వేసి చూశాను. ఇటుక గోడ. నాలుగు బోల్టులు బిగిస్తే మనిషి వేలాడినా కదలదు. అమెరికాలో చట్టం చేసి పెట్టించిన బలం మన గోడలకు పుట్టుకతోనే ఉంది. ఆ కడ్డీ బిగించుకోవడానికి కూడా మనం ఒప్పుకోవడం లేదు.

ఆ చట్టంలో నాకు నచ్చనిది ఒకటుంది. నాలుగు వాటాలకు మించని ఇంట్లో యజమాని కూడా ఒక వాటాలో ఉంటే, అద్దెకు ఎవరిని తీసుకోవాలన్న విషయంలో చాలావరకు మినహాయింపు ఇచ్చారు. అయినా ఫలానావారికి ఇవ్వం అని ప్రకటించడానికి మాత్రం వీలులేదు. అక్కడ పెద్ద పెద్ద అద్దె భవనాలు ఉంటాయి కాబట్టి ఆ మినహాయింపు పోగా చట్టంలో ఇంకా చాలా మిగులుతుంది. మన ఊళ్ళ సంగతి వేరు. కింద యజమాని, పైన అద్దెవాళ్ళు. లేదా పైన యజమాని, కింద అద్దెవాళ్ళు. తోటపాలెంలో చూసినా, దాసన్నపేటలో చూసినా ఎక్కువ భాగం ఇంతే. రేపు మన దగ్గర ఇలాంటి చట్టం చేసేవారు ఆ మినహాయింపును చూసి రాసుకుంటే ఇంక చేతికి చిక్కేది ఏమీ ఉండదు.

మన చట్టం సంగతికి వస్తాను. వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించింది. భారత్ 2007లో దాన్ని ధ్రువీకరించింది. దానికి అనుగుణంగా 2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. 1995 నాటి పాత చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే ఇది 21 రకాలను గుర్తించింది. మంచి చట్టం. మూడో సెక్షను వైకల్యం కారణంగా వివక్ష చూపరాదంటుంది. ఐదో సెక్షను అందరితో పాటు సమాజంలో జీవించే హక్కు వికలాంగులకు ఉందని, ఫలానా చోటే ఉండాలని వారిని నిర్బంధించరాదని చెబుతుంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో నాలుగు శాతానికి తగ్గకుండా రిజర్వేషను కూడా ఇచ్చింది. షట్టరు వెనక ఉన్న ఆయనకు ఉద్యోగం వచ్చింది అలాగే. చట్టం ఉద్యోగం ఇచ్చి ఒక ఊరికి పంపింది. ఆ ఊళ్ళో తల దాచుకోవడం మాత్రం నాబోటివాళ్ళ దయకు వదిలేసింది.

44వ సెక్షను ప్రకారం అందరికీ అందుబాటులో ఉండాలన్న ప్రమాణాలు పాటించని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు, కట్టడం పూర్తయినట్టు ధ్రువపత్రమూ ఇవ్వకూడదు. కానీ అక్కడ చట్టం వాడిన మాట 'సంస్థ'. ఆసుపత్రి, కళాశాల, కంపెనీ, సొసైటీ దాని కిందికి వస్తాయి. మూడు పోర్షన్లు కట్టి అద్దెకిచ్చే మనిషి ఏం చేయాలో, ఏం చేయకూడదో విడమరచి చెప్పే అధ్యాయం ఇందులో లేదు. ఉల్లంఘనకు మొదటిసారి 10,000 రూపాయల వరకు, మళ్ళీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా ఉంది. మూడో సెక్షను చూపించి నా మీద ఫిర్యాదు చేయవచ్చని వాదించే వకీలు దొరకవచ్చు. అయితే ఇల్లు వెతుక్కునే మనిషికి వకీలును వెతుక్కునే తీరిక ఎక్కడిది? ఎల్లుండికి సామాను దించుకోవాలి.

ఆ ప్రమాణాలకు సైతం చాలాకాలం పళ్ళు లేవు. రాజీవ్ రతూరీ అనే దృష్టి లోపం ఉన్న వ్యక్తి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2017లో ఒక తీర్పు ఇచ్చింది. మళ్ళీ 2024 నవంబరు 8న, ఈ ప్రమాణాలను కేవలం సలహాల్లా ఉంచిన నిబంధన చట్టానికే విరుద్ధమని తేల్చి, తప్పక పాటించవలసిన ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. సలహాకూ శాసనానికీ ఉన్న తేడా ఇళ్ళు కట్టినవారందరికీ తెలుసు. సలహా ఇస్తే మేస్త్రి తల ఊపుతాడు, కొలత రాసిస్తే కడతాడు.

ఇల్లు ఇవ్వకపోవడానికి మనం చెప్పే కారణాలను ఒక్కొక్కటిగా ఎదురుగా పెట్టుకుని చూశాను. "పడితే మన మీదికి వస్తుంది" అన్నది మొదటిది. మా పై పోర్షనుకు పద్దెనిమిది మెట్లు, ఒక పక్క చేతిపట్టు కూడా లేదు. గత అద్దెదారు చంటిబిడ్డను ఎత్తుకుని వానలో ఆ మెట్లు ఎక్కి దిగింది. అప్పుడు మాకు ఈ భయం కలగలేదు. చూపు లేనివారు అడిగితే గ్యాసు పొయ్యి గురించి భయపడతాం. వినికిడి లేనివారు అడిగితే పిలిస్తే పలకరంటాం. కాలింగ్ బెల్లుకు ఒక బల్బు కలిపితే తీరిపోయే చిక్కు అది. ఇంకా లోపల, పైకి చెప్పని కారణం ఒకటుంది. తెల్లవారి లేవగానే ఎదురుపడితే శకునం బాగుండదన్నది. చదువుకున్న ఇళ్ళలో, మనవలు విదేశాల్లో చదివే ఇళ్ళలో ఈ మాట నేను చెవులారా విన్నాను. దీనికి జవాబు చెప్పడం కూడా నాకు అవమానంగా ఉంది.

అన్నిటికంటే ఎక్కువ నలిగిపోతున్నది ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు. నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి కొడుకుకు ఎనిమిదేళ్ళు. రాత్రుళ్ళు ఉన్నట్టుండి లేచి అరుస్తాడు, తలుపు కొడతాడు. రెండేళ్ళలో మూడు ఇళ్ళు మారారు. ఎవరూ కారణం సూటిగా చెప్పరు. "మా అబ్బాయి పెళ్ళి కుదిరింది, పోర్షను మాకే కావాలి" అంటారు. ఆరు నెలల తరువాత అటు వెళితే అదే ఇంటి ముందు వేరేవాళ్ళ ముగ్గు ఉంటుంది. ఇల్లు మారిన ప్రతిసారీ ఆ పిల్లవాడు నెల రోజులు నిద్రపోడు. మారిన గది, మారిన కిటికీ, మారిన చప్పుళ్ళు వాడు తట్టుకోలేడు. నిద్రపోకపోవడం వల్ల అరుపులు ఎక్కువవుతాయి, అరుపుల వల్ల మళ్ళీ ఇల్లు మారాలి. ఆటిజం 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో ఒకటి. ఇక్కడ ర్యాంపుతో పని లేదు, ఇటుక ముక్కతో పని లేదు. పక్క పోర్షనువాళ్ళను కూర్చోబెట్టి సంగతి చెప్పడం, పిల్లవాడు పడుకునే గదిని ఉమ్మడి గోడకు దూరంగా మార్చుకోమనడం చాలు. యజమాని అంతమాత్రం నోరు విప్పితే ఆ కుటుంబం ఒకచోట నిలబడుతుంది.

మెట్ల సంగతిలో యజమానుల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. మన ఇళ్ళ పునాది ఊరికే లేవలేదు. కొత్త సిమెంటు రోడ్డు పోసినప్పుడల్లా వీధి లేస్తుంది. ముప్పై, నలభై ఏళ్ళ క్రితం కట్టిన ఇళ్ళు చాలా వీధుల్లో రోడ్డు కంటే కిందికి దిగిపోయాయి. వాన పడితే కాలవ నీళ్ళు వాకిట్లోకి వస్తాయి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానును చూసినవాడెవడూ పునాది తగ్గించమంటే ఒప్పుకోడు. అందుకే కొత్తగా కట్టేవారు మూడడుగులు లేపుతున్నారు. ప్రమాణాల ప్రకారం ర్యాంపు వాలు 1:12 ఉండాలి. అంటే అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు. మూడడుగుల ఎత్తుకు 36 అడుగుల ర్యాంపు కావాలి. ముప్పై అడుగుల వెడల్పు, నలభై అయిదు అడుగుల లోతు ఉన్న నూట యాభై గజాల స్థలంలో ఆ పొడవు పట్టించడం తేలిక కాదు. పాత ఇళ్ళన్నిటినీ ఇప్పుడే పగలగొట్టండని నేను అనడం లేదు.

అయితే ఇవే ఇళ్ళ గేటు దగ్గర చూడండి. మోటారు సైకిలు ఎక్కడానికి సిమెంటుతో వాలు పోసి ఉంటుంది, కారుంటే ఇంకా వెడల్పుగా ఉంటుంది. బండి కోసం చోటు వెతికినప్పుడు మనకు దొరికింది. అపార్టుమెంట్లలో మరీ బాధగా ఉంటుంది. లక్షలు పోసి లిఫ్టు పెడతారు, ఆ లిఫ్టు దగ్గరికి వెళ్ళడానికి పార్కింగు నుంచి మూడు మెట్లు కడతారు. ప్లాను గీసే రోజున ఒక్కరు అడిగి ఉంటే ఆ మూడు మెట్లు ఉండేవి కావు.

గడప సంగతి చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. పసుపు రాసి, కుంకుమ పెట్టి, లక్ష్మి వచ్చే దారిగా కొలుచుకునే గడపను తీసేయమని నేను అననూ లేను, అవసరమూ లేదు. దానికి రెండు వైపులా వాలుగా చెక్కిన కర్ర ముక్క ఒకటి పెడితే కుర్చీ దాటుతుంది, గడప చెక్కుచెదరదు. లోపలి గదుల తలుపులకూ, బాత్రూముకూ పూజ చేసే గడప ఎలాగూ ఉండదు.

"వయసు మీద పడితే మీకూ పనికొస్తుంది" అని చెప్పి ఒప్పించమని ఒక మిత్రురాలు సలహా ఇచ్చింది. అది నిజమే. మా వీధిలోనే పక్షవాతం వచ్చిన పెద్దలు మేడ మీద చిక్కుకుపోయిన ఇళ్ళు రెండున్నాయి. అయినా ఆ వాదన మీద నిలబడడం నాకు ఇష్టం లేదు. నాకు రేపు అవసరం కావచ్చు కాబట్టి ఆయనకు ఈ రోజు ఇల్లు ఇవ్వాలంటే, నాకు ఎన్నటికీ రాదని నమ్మకం ఉన్న కష్టంలో ఉన్నవాడికి ఇవ్వనవసరం లేదన్నమాటే కదా. ఆయన అద్దె కడతానంటున్నారు, నేను అద్దెకిస్తానని బోర్డు పెట్టాను. బోర్డు పెట్టిన రోజే అది నా సొంత గది కాకుండా పోయింది, వ్యాపారం అయింది. కొట్టు తెరిచి కూర్చున్నవాడు వచ్చినవారిలో కొందరికే బియ్యం కొలుస్తానంటే మనం ఊరుకోం.

మా ఊరికి ఈ విషయంలో ఒక పాత కథ ఉంది. 1919లో విజయరామ గజపతి మహారాజు ఇక్కడ సంగీత కళాశాల స్థాపించారు. ఆస్థానానికి చెందిన ఒకరి చూపు లేని కుమారుడు సంగీతం నేర్చుకోవాలని కోరుకోవడమే ఆ కళాశాల పుట్టుకకు కారణమని పెద్దలు చెబుతారు. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులుగా ఉన్నారు. ఆ తరువాత అధ్యక్షులైన ద్వారం వెంకటస్వామినాయుడు గారికి చిన్ననాటి నుంచీ చూపు తక్కువ. బడి చదువు సాగకపోవడానికి కారణం కూడా అదే. ఆయన వాయులీనం వినడానికి దేశం చెవి ఒగ్గింది. బడిలో పిల్లలకు ఈ కథ ఎన్నిసార్లు గర్వంగా చెప్పానో లెక్క లేదు. ఒక పిల్లవాడి అవసరం చూసి కళాశాలే కట్టిన ఊరు ఇది. ఒక ఉద్యోగి అవసరం చూసి మూడు మెట్ల పక్కన వాలు పోయలేకపోయాం.

నేను షట్టరు గదికి వెళ్ళింది మేనల్లుడితో ఆ ఫోను సంభాషణ అయిన తరువాతే. ఆయన నంబరు నా దగ్గర ఉంది. వస్తానంటే వద్దనలేదు. ఆయన భార్య టీ ఇచ్చారు. అద్దె మా పోర్షను కంటే వెయ్యి రూపాయలు ఎక్కువ, ఎందుకంటే అది కొట్టు గది, ఇంటి ధర ఉండదు. స్నానాల గది వెనక ఉంది, నాలుగు కొట్లకూ అదొక్కటే. వెల్డింగు షెడ్డువాళ్ళు వెళ్ళేదాకా ఆవిడ ఆగుతారు. ఆ రోజు ఇల్లు ఇచ్చేశామని చెప్పింది అబద్ధమని నేను ఒప్పుకున్నాను. "తెలుసండి, బోర్డు ఇంకో మూడు వారాలు ఉంది, ఆఫీసుకు అటే వెళతాను" అన్నారాయన. కోపంగా అనలేదు. తన మీద జాలి పడవద్దని మాత్రం చెప్పారు. రాష్ట్ర ప్రభుత్వం ఒక పేరు, కేంద్రం ఇంకో పేరు పెట్టాయి గానీ ఆయన తనను 'వికలాంగుణ్ణి' అనే చెప్పుకుంటారు. అందుకే నేనూ ఆ మాటే రాస్తున్నాను. పింఛను మీద బతికేవారి పరిస్థితి తనకంటే చాలా కష్టమని అన్నారు. రాష్ట్రంలో వికలాంగుల పింఛను 2024 జూలై నుంచి 6,000 రూపాయలు అయింది. పట్టణంలో ఒక గది అద్దె కడితే అందులో పెద్దగా మిగలదు. వాళ్ళకు ఇల్లు దొరకకపోవడానికి మెట్టు కంటే ముందు ఇంకో గోడ ఉంది.

వచ్చి మేనల్లుడికి ఫోను చేశాను. అద్దె డబ్బులోంచి ఖర్చు పెడతానని, వద్దంటే ఇకమీద ఆ ఇంటి వ్యవహారం నేను చూడనని చెప్పాను. రెండు రోజులు ఫోను చేయలేదు. మూడో రోజు చేసి, "వాలు ఎంత పెడుతున్నావత్తా? ఇక్కడ మాకు పన్నెండుకు ఒకటి" అన్నాడు. అంతకుమించి ఏమీ మాట్లాడుకోలేదు.

పని కింది పోర్షను ఒకటి ఖాళీ అయ్యాక మొదలుపెట్టాం. మా వరండా ఎత్తు పద్దెనిమిది అంగుళాలు, కాబట్టి పద్దెనిమిది అడుగుల ర్యాంపు. ఇంటి ముందు గోడ వెంట, నాలుగడుగుల వెడల్పున వచ్చింది. అప్పటిదాకా అక్కడ ఉన్నవి పూలకుండీలు, ఒక బండి. కుర్చీ తిరగడానికి పైనా కిందా ఐదేసి అడుగుల చదును వదిలాం. ఆయన తెచ్చుకుంటానన్న ఎనిమిది అడుగుల చెక్క ఆ మెట్లకు ఎంత నిటారుగా ఉండేదో అప్పుడు అర్థమైంది. ప్రతి రోజూ ఆవిడ ప్రాణం బిగబట్టి తోయవలసి వచ్చేది. బాత్రూము తలుపు రెండడుగులే ఉంది. మామూలు చక్రాల కుర్చీ వెడల్పు దాదాపు 25 అంగుళాలు. ఆ ఒక్క అంగుళం వల్ల స్నానానికి మనిషిని మోయాలి. ప్రమాణం 900 మిల్లీమీటర్లు, అంటే 35 అంగుళాలు. మేస్త్రి దర్వాజా మార్చి, కింద గట్టు తీసేసి, నీళ్ళు బయటికి రాకుండా నేలకు లోపలి వైపు వాలు ఇచ్చాడు. కడ్డీలు రెండు. అంతా కలిపి ఆ పోర్షను ఐదు నెలల అద్దెకు కాస్త అటూ ఇటూ అయింది. ఇల్లు కట్టేటప్పుడే చేసి ఉంటే తలుపుకు పెద్దగా ఎక్కువ అయ్యేది కాదు. వెడల్పు తలుపుకు ఇటుకలు తక్కువే పడతాయి.

నేను చేశాను కాబట్టి అందరూ చేస్తారని అనుకోవడం లేదు. మేనత్త పట్టుబట్టిన ఇంట్లోనే ర్యాంపు వచ్చిందంటే మిగతా ఇళ్ళ సంగతి ఏమిటి? అందుకే నాకు శాసనం కావాలి. వైకల్యం కారణంగా అద్దెకివ్వనని ఏ యజమానీ, తను అదే ఇంట్లో ఉంటున్నా సరే, అనకూడదని స్పష్టంగా రాయాలి. అద్దెదారు తన ఖర్చుతో కడ్డీ, తాత్కాలిక ర్యాంపు, బెల్లుకు బల్బు పెట్టుకుంటానంటే అడ్డు చెప్పకూడదని, వెళ్ళేటప్పుడు తీసేసి ఇస్తే చాలని రాయాలి. అద్దెకిచ్చే ఇల్లు కొత్తగా కట్టేవారు నేల మీది ఒక్క పోర్షనుకైనా మెట్లు లేని దారి చూపిస్తేనే ప్లానుకు అనుమతి ఇవ్వాలి. పాత ఇల్లు మార్చుకునేవారికి ఆ ఏడాది ఇంటి పన్నులో కొంత తగ్గిస్తే అద్దె మీదే బతికే వితంతువులకూ, చిన్న పింఛనుదారులకూ ఊపిరి ఆడుతుంది. రోడ్డు పోసే ముందు పాత పొరను తవ్వి తీస్తే వీధి లేవదు, వీధి లేవకపోతే పునాదీ లేవదు. ఈ చివరిది యజమానుల చేతిలో లేదు. కానీ మెట్ల మూలం అక్కడే ఉంది.

పైపోర్షనులో ఉండేవాళ్ళు బండి పెట్టే చోటు పోయిందని మొదట గొణిగారు. ఇప్పుడు వాళ్ళ మూడేళ్ళ పిల్ల సాయంత్రమంతా ఆ ర్యాంపు మీదే ఆడుతుంది. గ్యాసు బండ తెచ్చే మనిషి దాన్ని దొర్లించుకుంటూ వస్తాడు.

సున్నం వేయడం నిన్నటితో అయిపోయింది. ఈసారి బోర్డు పెట్టలేదు. షట్టరు గదికి ఫోను చేశాను. ఆయన వెంటనే సరే అనలేదు. ముందు చూడాలన్నారు. వాలు నిజంగా పన్నెండుకు ఒకటే ఉందో లేదో, వానలో జారుతుందో లేదో, కడ్డీలు తనకు కావలసిన ఎత్తులో ఉన్నాయో లేదో తనే చూసుకోవాలట. ఆదివారం టేపు తీసుకుని ఇద్దరూ వస్తామన్నారు. కడ్డీల బోల్టులు పూర్తిగా బిగించవద్దని మేస్త్రికి చెప్పి ఉంచాను.